అత్తమ్మ ఒక్కపొద్దులు

శనివారం పొద్దున బ్యూలా రెండు పొయ్యిల మీద మూడు పనులు చేస్తోంది. ఒక దాని మీద కూతురి బాక్సుకు టమాట రైస్, రెండో దాని మీద పాలు. ఆ పాలు పొంగకుండా ఒక కన్ను అటు వేసి, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని టెంటువాడితో కుర్చీల గురించి కొట్లాట. బీరంగూడలో ఆ సందులో ఏ ఇంట చూసినా పొద్దున్నే ఇదే తంతు. కాకపోతే బ్యూలా ఏం చేసినా సందు చివరిదాకా వినిపిస్తుంది.

"వంద కుర్చీలు చెప్పినగదా అన్నా, ఇప్పుడు డెబ్బై అంటవేంది? వచ్చేది ముసలోళ్లు. వాళ్లను నిలవడి వినమంటవా?"

చర్చిలో స్త్రీల మైత్రి సంఘానికి ఆమె కార్యదర్శి. ప్రైవేటు బడిలో సోషల్ టీచరు. ఏ పని మొదలుపెట్టినా పూర్తయ్యేదాకా ఊరుకునే మనిషి కాదు. హాల్లో సోఫా మీద చుట్టి పెట్టిన కొత్త ఫ్లెక్సీ ఉంది. 'వృద్ధులలో పోషకాహార లోపం - అవగాహన సదస్సు' అని దాని మీద ఎర్రటి అక్షరాలు, పక్కన పండ్ల బుట్ట బొమ్మ.

డైనింగ్ టేబుల్ దగ్గర గోడవైపు కుర్చీలో అత్తగారు జయశీల కూర్చుని ఉంది. లేత నీలం చీర కొంగు భుజాల నిండా కప్పుకుంది. ఎండ ముదిరినా ఆమెకు చలి తగ్గలేదు. ఒకప్పుడు జోగిపేట బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించిన చెయ్యి ఇప్పుడు టేబుల్ మీద ముడుచుకుని ఉంది. వేలికి పెళ్లినాటి ఉంగరం, అది జారకుండా అడుగున దట్టంగా చుట్టిన దారం.

రాత్రి డ్యూటీ ముగించుకుని బ్యూలా భర్త చార్లీ వచ్చాడు. పాశమైలారంలో మందుల కంపెనీ, అక్కడ ప్యాకింగ్ సెక్షన్లో సూపర్‌వైజరు. బూట్లు విప్పుతూనే ఆవులించాడు. కూతురు జెస్సికా తడి జుట్టుతో పరిగెత్తుకొచ్చింది. ఆ ఇంట్లో నలుగురూ ఒకచోట నిలబడేది ఈ ఐదు నిమిషాలే. తర్వాత ఒకరు నిద్రకు, ఒకరు బడికి, ఒకరు కాలేజీ బస్సుకు.

"అమ్మా, ప్రార్థన జల్దీ చెయ్యి. నిలవడే నిద్రపోయేటట్టున్న," అన్నాడు చార్లీ.

జయశీల లేచి నిలబడింది. అందరూ కళ్లు మూసుకున్నారు. కొడుకు కంపెనీ, కోడలి సభ, మనవరాలి ప్రాక్టికల్స్, పక్కింటివాళ్ల కాన్పు, ఒక్కటీ మరవకుండా దేవుడికి అప్పజెప్పి, "ఈ ఆహారాన్ని ఆశీర్వదించు తండ్రీ, ఆమేన్" అంది. ఆమేన్ పూర్తికాకముందే చార్లీ నోట్లో ముద్ద ఉంది.

"అత్తమ్మా, ఇయ్యాల నా శనివారం. మర్చిపోకుండ్రి. సభ మంచిగ కావాలె."

"మర్చిపోతనా బిడ్డా? పట్టిన్నే."

పోషకాహారం మీద సభ. ఆ సభ చక్కగా జరగాలని ఇంట్లో పెద్దావిడ ఉపవాసం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే తీరిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు. బ్యూలాకు అసలే లేదు.

జయశీల ఉపవాస ప్రార్థన అంటే చర్చిలో అందరికీ గురి. చార్లీ కంపెనీలో ఒక యూనిట్ మూసేసినప్పుడు చాలామందిని ఇంటికి పంపారు. అప్పుడు ఆమె రోజుల తరబడి ఒంటిపూట తిండితో ప్రార్థన చేసింది. చార్లీ ఉద్యోగం నిలబడింది. బ్యూలా ఆ సంగతి చర్చిలో సాక్ష్యం చెప్పి అందరినీ ఏడిపించింది. "మా అత్తమ్మ అడిగితే దేవుడు కాదనడు" అని నలుగురిలో చెప్పుకోవడం ఆమెకు అలవాటైంది. అందులో ప్రేమ ఉంది, గర్వమూ ఉంది. అంత గొప్పగా చెప్పుకునే మనిషి పళ్లెం వైపు మాత్రం ఒక్కనాడూ చూడలేదు.

*

చర్చి పక్క హాలు నిండింది. పటాన్‌చెరు నుంచి నర్సు చంద్రిక కొలత టేపులు, కాగితాలు సర్దుకుని వచ్చింది. పాస్టరు అయ్యగారు వేదిక మీద కూర్చున్నారు. పట్టుచీరలో బ్యూలా మైకు అందుకుంది.

"ముసలోళ్లు తిండి తగ్గిస్తే వయసైపోయింది, అంతే అనుకుంటం. అది తప్పు. మన ఇంటి పెద్దోళ్లు ఏం తింటున్నరో మనమే చూసుకోవాలె," అని గట్టిగా మొదలుపెట్టింది. చప్పట్లు పడ్డాయి. "ముందుగా మా అత్తమ్మ జయశీల గారు ప్రార్థన చేస్తరు."

జయశీల మైకు ముందుకు వచ్చింది. కుడిచెయ్యి పైకెత్తింది. హాలంతా తలలు వంచి కళ్లు మూసుకుంది. "పరలోకమందున్న మా తండ్రీ" అని ఆమె అన్నది అందరికీ వినపడింది. ఆ తర్వాత వినపడింది మాట కాదు, బండ మీద ఏదో లోహం దొర్లిన చిన్న శబ్దం.

పైకెత్తిన చెయ్యి వాలిపోయి, వేలి నుంచి ఉంగరం జారి దొర్లుతోంది. దాన్ని తీసుకోవడానికి జయశీల వంగింది. మళ్లీ లేవలేదు.

ముందుగా పరిగెత్తింది చంద్రిక. ఒళ్లోకి తీసుకుని కొంగు తప్పించేసరికి భుజం ఎముకలు పొడుచుకొచ్చినట్టు కనిపించాయి. ముంజెయ్యి నర్సు పిడికిట్లో ఇమిడిపోయింది. చంద్రిక తల ఎత్తి బ్యూలాను చూసింది. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. ఆమె మెల్లగా అడిగినా హాలంతా విన్నది.

"మేడం, అమ్మ ఎన్నాళ్ల నుంచి తింటలేదు?"

*

దవాఖానలో డాక్టరు రక్తపరీక్షలు చూసి, గ్లూకోజు పెట్టించి, చార్లీనీ బ్యూలానీ బయటికి పిలిచాడు. గుండె బాగుంది, షుగరు జబ్బు లేదు అని చెప్పాడు.

"మరి ఎందుకు పడిపోయింది సార్?"

"తిండిలేక. ఇది ఒక రోజుది కాదు. ఒంట్లో కండ కరిగిపోయింది. మెల్లమెల్లగా పెట్టుకుంటూ రావాలె. ఒక్కసారే బలవంతంగ పెడితే అదీ ప్రమాదమే. ఈ వయసులో పోయిన కండ పూర్తిగా తిరిగి వస్తదని నేను చెప్పలేను."

బ్యూలా ముఖం ఎర్రబడింది. "మా ఇంట్ల తిండికి ఏం తక్కువ సార్? ఆదివారం వస్తే మటన్. ఫ్రిజ్‌ల పండ్లు, పాలు..."

"ఇంట్లో ఉండొచ్చమ్మా. ఆమె కడుపులోకి పోలేదు," అని ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

జోగిపేట నుంచి చార్లీ అక్క ప్రేమలత వచ్చేసరికి మధ్యాహ్నమైంది. వార్డులో తల్లిని చూసి బయటికొచ్చి, నిలబడ్డ చోటే కొట్లాట అందుకుంది.

"ఏం బ్యూలా, ఊరందరికీ పోషకాహారం చెప్తున్నవట! మా అమ్మ ఒంటి మీద బొక్కలు తేలినయ్. నీ కండ్లకు కనపడలే?"

"వదినా, మాట తిన్నగ రానియ్యి. మీ అమ్మకు పెట్టకుండ నేను తిన్నట్టు మాట్లాడకు."

"పెడితే గిట్లెందుకైతది?"

"ఆమె ఉపవాసాలు నీకు తెల్వదా? శనివారం ఒక్కటి పట్టుమన్న, అది నిజం. వారంల ఒక్కరోజు తినకపోతే మనిషి గిట్ల అయితదా?"

ప్రేమలత ఆగింది. "శనివారమా? అమ్మ సోమవారం గదా పట్టేది."

"సోమవారం ఎందుకు?"

"మా రాకీ గాని కానిస్టేబులు సెలక్షన్ కోసం. నేనే ఫోన్ చేసి చెప్పిన." ఆమె గొంతు తగ్గింది. "నిరుటి సంది ఒక్కపొద్దు పడుతుంది."

చార్లీ గోడకు ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు.

"మంగళవారం నాది," అన్నాడు చివరికి. "కొత్త మేనేజరు వచ్చిండు గదా, నన్ను పనికిరానోన్ని చేస్తున్నడని అమ్మతోని చెప్పుకున్న. నా కోసం ఒక్కరోజు పట్టమ్మా అన్న."

కాలేజీ నుంచి నేరుగా వచ్చిన జెస్సికా బ్యాగు గుండెకు హత్తుకుని నిలబడి ఉంది.

"బుధవారం నా ఎంట్రెన్స్ కోసం. మమ్మీ, నాకొక్కదానికే పడుతుందనుకున్న. ఒట్టు!"

గురువారం చర్చిలో ఎవరో పిల్లలు లేని దంపతులు అడిగారు. శుక్రవారం చర్చి అంతటి ఉపవాస కూడిక. ఎవరి రోజు వాళ్లకు తెలుసు. పక్కవాళ్ల రోజు ఎవరికీ తెలియదు. ఒక్కొక్కరూ ఒక్కో రోజు అడిగి, తలా ఒక చెయ్యి వేసి, ఆ ముసలిదాని వారమంతా పంచుకున్నారు. చార్లీ నిద్రలో ఉన్నప్పుడు బ్యూలా బడిలో ఉంటుంది. బ్యూలా ఇంటికొచ్చేసరికి చార్లీ కంపెనీ బస్సు ఎక్కుతాడు. తినలేదని చూసినవాళ్లు తమ రోజే అనుకున్నారు, చూడనివాళ్లు తినే ఉంటుందనుకున్నారు.

"మరి పొద్దుగూకినంక ఇడుస్తది గదా ఉపవాసం? రాత్రన్న తినాలె గదా," అంది ప్రేమలత. ఈసారి అది నింద కాదు, నిజంగానే అడిగింది.

"టేబుల్ మీద గిన్నెలు పెట్టి నేను కాపీలు దిద్దుకోను పోత," అంది బ్యూలా.

"నాకు తెలుసు," అంది జెస్సికా. "నానమ్మ తన గుడ్డు దాచి పొద్దున నా బాక్సుల పెడ్తది. నాకేమో వద్దు, నువ్వు చదువుకునే పిల్లవు అంటది. నేను తిన్న మమ్మీ. రోజు తిన్న."

అని ఏడుపు అందుకుంది. ప్రేమలత కొట్లాట మరిచి మేనకోడలిని దగ్గరికి తీసుకుంది. తిట్టడానికి వచ్చిన మనిషికి తిట్టేందుకు ఎవరూ మిగలలేదు.

*

బ్యూలా పోయి వరండా చివర బెంచీ మీద కూర్చుంది. హాల్లో చంద్రిక ఇచ్చిన ఉంగరం ఆమె పర్సులో ఉంది. బయటికి తీసింది. కాలం చేసిన మామగారు సుందర్‌రాజు చేయించిన ఉంగరం. దారం మసిబారి గట్టిపడింది. ఏం తోచక గోటితో కొస లాగింది.

పైన తెల్లదారం. అది ఊడితే కింద మెరూన్ రంగు. జెస్సికా కాలేజీ యూనిఫాం కుట్టు ఊడితే తెచ్చిన రీలు అది. దాని కింద ఆకుపచ్చ. నిరుడు క్రిస్మస్‌కు తన జాకెట్టుకు హెమ్మింగ్ చేసిన దారం. ఇంకా కింద చార్లీ కంపెనీ చొక్కా గుండీల నీలం. అన్నీ తన కుట్టుపెట్టెలోవే.

"దారం ఉందా బిడ్డా?" అని అత్తమ్మ వచ్చి నిలబడేది. "తీస్కోండ్రి అత్తమ్మా" అని పెట్టె జరిపేది తను, తల ఎత్తకుండానే. ఎందుకు అని అడిగిన గుర్తు లేదు. వేలు సన్నబడ్డ ప్రతిసారీ ఆ మనిషి తన ముందుకే వచ్చింది. తను తన చేత్తోనే దారం ఇచ్చి పంపింది. పొద్దున మైకు ముందు తను చెప్పిన మాటలు గుర్తొచ్చి బ్యూలా రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఎంతమంది చూసినా ఆ ఏడుపు ఆగలేదు.

*

మర్నాడు పొద్దున జయశీల కళ్లు తేటగా తెరిచింది. నోరు లోపలికి పోయి, ముఖం చిన్నపిల్ల ముఖంలా ఉంది. పళ్లసెట్టు ఎక్కడని వార్డు నర్సు అడిగితే కొంగు ముడి చూపించింది. అది చేయించి ఏళ్లయింది. చిగుళ్లు అరిగి సెట్టు వదులైంది. పెట్టుకుంటే ఒరిసి పుండ్లవుతున్నాయి. మటన్ మాట దేవుడెరుగు, చపాతీ ముక్క కూడా నమలలేకపోతోంది.

"నాకెందుకు చెప్పలే అత్తమ్మా?"

"సెట్టు పెట్టిచ్చిననాడు చార్లీకి లీవు దొరకక ఎంత పరేషానైండు! మళ్ల అదే గోస ఎందుకనుకున్న."

"పండ్లసెట్టు సంగతి సరే. ఈ ఉపవాసాలు? రోజుకొకరు అడుగుతుంటే ఒక్కరికన్న లేదని చెప్పొద్దా?"

జయశీల కిటికీ వైపు తిరిగింది.

"బళ్లె ఉన్నప్పుడు పిల్లలు టీచర్, టీచర్ అని మీద పడుతుండిరి. మీ మామ బయటికి పోవాలంటే పెన్ను ఏది, అద్దాలు ఏవి అని నన్నే అడుగుతుండె. ఇక్కడికొచ్చినంక నన్ను ఎవ్వరు ఏమడుగుతరు చెప్పు? వంట నువ్వు చేస్తవు. బట్టలు మిషను ఉతుకుతది. నన్ను మంచిగనే చూసుకున్నరు, కూసోబెట్టి. ఈ ఒక్కపొద్దొక్కటే అడుగుతుండిరి." ఊపిరి తీసుకుంది. "అడిగినోళ్లకు లేదంటే, ఇగ నన్ను అడిగేదేముంటది బిడ్డా?"

బ్యూలా దుప్పటి ఆమె భుజాల దాకా లాగింది.

"మొదట్ల బాగ ఆకలైతుండె. ఓర్చుకున్న. తర్వాత్తర్వాత అది కూడ అడుగుడు బంద్ చేసింది."

ఈ మాట ఆమె మామూలుగానే చెప్పింది, పాలవాడు రావడం మానేశాడన్నట్టు. బ్యూలా ఆమె చెయ్యి తీసుకుని కళ్లకు అద్దుకుంది. క్షమించమని అడగాలనుకుంది. అడిగితే ఈమె 'ఏమున్నది బిడ్డా' అని వెంటనే క్షమించేస్తుంది. పళ్లెం మాత్రం మళ్లీ పక్కకు జరుపుతుంది. ఆ సంగతి బ్యూలాకు ఇప్పుడు బాగా తెలిసింది. అందుకే వేరే మాట అడిగింది.

"అత్తమ్మా, నాకొక ప్రార్థన మనవి ఉంది."

జయశీల తల దిండు మీంచి లేవబోయింది. ఆ నీరసపు కళ్లలోకి ఎక్కడిదో వెలుగొచ్చింది.

"చెప్పు బిడ్డా. ఏ వారం?"

అది విని బ్యూలా పక్కకు తిరిగి కన్నీళ్లు తుడుచుకుంది. మంచం ఇనుపచట్రాన్ని గట్టిగా పట్టుకుంది.

"అన్ని వారాలు. కానీ ఇది ఉపవాసం మనవి కాదు. తిని చెయ్యాలె. ముప్పొద్దుల తిని, తిన్నంక నా కోసం ప్రార్థన చెయ్యాలె."

"తినుకుంట చేస్తే మనవి ఎట్లయితది? పిచ్చిదానా!"

"నాకు గదే కావాలె. ఇంతకుముందు నేనేది అడిగినా లేదనలే మీరు. ఇది కూడ అనొద్దు."

"దేనికోసమని చెయ్యాలె ప్రార్థన?"

"నాకు మా అత్తమ్మ కావాలె. దాని కోసం."

జయశీల కోడలి ముఖంలోకి చూసింది. పొడి పెదవులు కదిలాయి. "సరే తియ్యి. అడిగినవు గదా," అంది. స్టీలు డబ్బాలోని జావ చెంచాతో అందిస్తే తీసుకుంది. కొంచెం తాగేసరికే అలిసిపోయి కళ్లు మూసుకుంది. బ్యూలా డబ్బా మూత పెట్టకుండా పక్కనే కూర్చుంది, మళ్లీ అడగడానికి.

*

ఆగిపోయిన సభ తర్వాతి నెలలో మళ్లీ పెట్టారు. ఈసారి బ్యూలా ఫ్లెక్సీ కట్టించలేదు, పట్టుచీర కట్టుకోలేదు. జరిగింది అందరూ చూసిందే కాబట్టి సాగదీయలేదు.

"నాకు పెద్ద మాటలు చెప్పే ముఖం లేదు," అంది. "ఇంటికి పోయి మీ అత్తమ్మల, అమ్మల చేతులు పట్టుకుని చూడుండ్రి. ఉంగరం జారుతుందా, జాకెట్టు వదులైందా, నోట్ల పండ్లు సరిగ్గ ఉన్నయా చూడుండ్రి. వాళ్లను ప్రార్థన అడిగే ముందు ఇయ్యాల ఏం తిన్నవమ్మా అని అడుగుండ్రి. తిన్న అంటే నమ్మకుండ్రి. పక్కన కూసుండ్రి."

వెనక వరుసలో ఒక ముసలావిడ మెల్లగా చెయ్యి కొంగులోకి లాక్కుంది. మైకు కింద పెట్టి బ్యూలా నేరుగా ఆమె దగ్గరికి నడిచింది.

ఆ ఆదివారం ఇంట్లో మటన్ లేదు. జొన్న రవ్వతో వండిన గట్క, మెత్తగా ఉడికిన పప్పు, పెరుగు, మెదిపిన గుడ్డు. చార్లీ షిఫ్టు మార్పించుకున్నాడు. కొత్త పళ్లసెట్టు కొలతలకు రేపు తనే తీసుకుపోతానన్నాడు. జోగిపేట నుంచి ప్రేమలత కూడా వచ్చింది. జయశీల కుర్చీ గోడవైపు నుంచి టేబుల్ మధ్యకు జరిగింది. నిలబడి ప్రార్థన చేసే ఓపిక ఇప్పుడామెకు లేదు. డాక్టరు చెప్పినట్టే ఒళ్లు చాలా కొంచెమే తేరుకుంది. ఉంగరానికి బ్యూలా మళ్లీ దారం చుట్టింది. వేలు నిండి ఆ దారం పలచబడే రోజు వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు.

కూర్చునే కళ్లు మూసుకుని, వణికే గొంతుతో అందరి పేర్లూ ఎత్తి, "ఈ ఆహారాన్ని ఆశీర్వదించు తండ్రీ, ఆమేన్" అంది.

కళ్లు తెరిచేసరికి అందరూ ఆమెనే చూస్తున్నారు. ఎవరి పళ్లెంలోనూ చెయ్యి లేదు.

"ఏంది? మీరెవ్వరు కండ్లు మూసుకోలేదా?"

"లేదు నానమ్మా," అంది జెస్సికా. "నువ్వు తినేదాక మూసుకోం."

జయశీల కోడలి వైపు తిరిగింది. బ్యూలా ఏమీ అనలేదు, పళ్లెం కొంచెం దగ్గరికి జరిపింది. ముసలామె చిన్న ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. బోసి చిగుళ్లతో మెల్లగా నమిలి, కష్టపడి మింగింది. చెంపల మీదికి కన్నీళ్లు కారిపోతుంటే తుడుచుకోకుండా, రెండో ముద్దకు చెయ్యి పెట్టింది.